అలమారలో మూడు ఖాళీలు

1990 మార్చి 12, సోమవారం. బోధన్ చక్కెర మిల్లు సైరను మోగిన కాసేపటికి, డిచ్‌పల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ఇరవై అయిదేళ్ల యువకుడొకరు మన కళాశాల రసాయనశాస్త్ర ప్రయోగశాలలో సహాయకులుగా చేరారు. భుజాన ఉన్న సంచిలో అన్నం డబ్బా, దాని పక్కన మూలలు తిన్నగా ఉన్నాయో లేదో చూసే ఒక పాత మూలమట్టం. చేరిన నాడే ఊగుతున్న బల్ల కాలు సరిచేసి గానీ ఆయన హాజరుపట్టీలో సంతకం చేయలేదని అప్పటి పెద్దలు చెప్పేవారు. ముప్పై అయిదేళ్ల ఏడు నెలల నిష్కళంక సేవానంతరం ఈ అక్టోబరు 31న పదవీ విరమణ చేస్తున్న మన బెన్‌హర్ గారు వారే.

ఆ మూలమట్టం వారి తండ్రిగారైన కీర్తిశేషులు డేనియల్ గారిది. డిచ్‌పల్లి మిషన్ ఆసుపత్రిలో రోగులకు ఊతకర్రలు, మంచాలు చేసిన వడ్రంగి ఆయన. "మూల సాఫ్ లేని పని గడప దాటద్దు" అనేది ఆయన కొడుక్కు అప్పగించిన ఏకైక ఆస్తి. మా వైపు మూలమట్టాన్ని గునియా అంటారు. బెన్‌హర్ గారు పరీక్షనాళికల స్టాండు చేసినా, పగిలిన కిటికీ బిగించినా ఆ గునియా తాకనిదే పని పూర్తయినట్టు కాదు. చెరుకు సీజనులో ట్రాక్టర్ల వెనుక చిక్కుకుని మేమంతా ఆలస్యంగా వచ్చేవాళ్లం. ఆయన మాత్రం అప్పటికే బర్నర్లు తుడిచి, మైలుతుత్తం సీసాలు వరుసగా పెట్టి ఉండేవారు. మిల్లు మూతపడి సైరను ఆగిపోయిన తర్వాత కూడా ఆ వేళకే ఆయన తాళం తీసేవారు. ఇప్పటికీ ఆ తాళం చప్పుడు వింటే నాకు పాత బోధన్ గుర్తుకొచ్చి మనసు అదోలా అవుతుంది.

నేను 2004లో అధ్యాపకురాలిగా చేరాను. ధర్పల్లి పసుపు రైతు బిడ్డను. కోపం ముక్కు మీదే ఉంటుందని సహోద్యోగులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ కోపం చేసిన ఒక నిర్వాకాన్ని ఈ వీడ్కోలు సంచికలో రాయకపోతే ఈ అభినందనకు అర్థం లేదు.

2006లో స్ఫటికాల పాఠానికి నమూనాలు కావలసి వచ్చాయి. మూడు అంచుల పొడవులు, వాటి మధ్యనున్న మూడు కోణాలు, ఈ ఆరింటిని బట్టి సమస్త స్ఫటికాలనూ ఏడు కుటుంబాలుగా విభజిస్తారు. ఉప్పు పలుకు ఘనాకారం. అన్ని అంచులూ సమానం, అన్ని మూలలూ తిన్నన, అంటే లంబకోణాలు. పంచదార పలుకు మోనోక్లినిక్. అది ఒక వైపుకు వాలుతుంది. మైలుతుత్తం ట్రైక్లినిక్, దానిలో ఒక్క కోణమూ తిన్నగా ఉండదు. ఏడింటికీ బొమ్మలు గీసి, టేకుతో చేయమని బెన్‌హర్ గారికి ఇచ్చాను. వారం తిరగకుండా నిగనిగలాడే ఏడు నమూనాలు తరగతిలోకే తెచ్చారు. నాలుగు అద్భుతం. వాలి ఉండవలసిన మూడింటిని మాత్రం ఆయన చక్కగా, శుభ్రంగా, మూలలు తిన్నగా చేసి పెట్టారు!

"ఇదేమిటండీ?" అన్నాను.

"బొమ్మల గీత వంకర పోయింది మేడం, నేను సక్కగ జేసిన. వంకర డబ్బ జేసిస్తే మన ఇజ్జత్ ఏం గావాలె?"

తరగతి ఫక్కున నవ్వింది. నన్ను చూసి నవ్వారనుకున్నాను. "పదో తరగతి తప్పిన చేతికి స్ఫటికాలు అప్పగించడం నాదే బుద్ధితక్కువ" అనేశాను. నలభై మంది పిల్లల ముందు. "మంచిది మేడం" అని ఆయన ఆ మూడింటినీ తీసుకుని వెళ్లిపోయారు.

పది రోజుల తర్వాత, తరగతి నడుస్తుండగా రెండు గాజు గిన్నెలతో వచ్చారు. ఒకదానిలో దారానికి పెంచిన పటికబెల్లం పలుకులు, మరొకదానిలో నీలి మైలుతుత్తం. ఒక చిన్న పలుకు మూలకు సరిపోయేట్టు అట్టముక్క కోసి, దాన్నే పెద్ద పలుకు మూలకు ఆనించి చూపారు.

"గింతదానికి కోసిన అట్ట గంతదానికి గూడ పట్టింది, సూడుండ్రి. చిన్నదైనా పెద్దదైనా కోణం మారుతలేదు. ఇది వంకర గాదు మేడం, దాని నడతే గది."

స్ఫటికశాస్త్రానికి పునాది వంటి నియమాన్ని ఒక వడ్రంగి బిడ్డ అట్టముక్కతో కనుగొని, నా తరగతికే పాఠం చెప్పాడు. అప్పుడైనా మన్నించమని అడగవలసింది. అడగలేదు. ఆ మూడు నమూనాలు మళ్లీ చేయమనడానికి నాకు ముఖం చెల్లలేదు. ఆయనా చేస్తానని అనలేదు. పంతొమ్మిదేళ్లుగా అలమారలో నాలుగు నమూనాల పక్కన మూడు ఖాళీలు అలాగే ఉన్నాయి. ప్రతి ఏటా ఆయన పెంచిన పలుకులనే పిల్లలకు చూపుతూ వచ్చాను. "ద్రావణం నిమ్మళంగ సల్లారితేనే పలుకు పెద్దగైతది, మాటిమాటికి మూత తీసి సూడకుండ్రి" అని ఆయన మందలించని విద్యార్థి లేడు.

పోయిన వారం, ఇక గడువు లేదని తెలిసి, స్టోరు గదిలోకి వెళ్లాను.

"బెన్‌హర్ అన్నా, ఆ రోజు నేనన్న మాట తప్పు. నన్ను మన్నించండి. ఆ మూడూ చేసిచ్చి వెళ్తారా?"

ఆయన చేతిలో సీసా కింద పెట్టారు. "నొచ్చింది మేడం, అబద్ధం ఎందుకు" అన్నారు.

మరునాడు తన భార్య ఎస్తరమ్మ గారి పాత చీర ముక్కలో మూట కట్టి మూడు నమూనాలు తెచ్చారు. మూడూ సరిగ్గా ఎంత వాలాలో అంతే వాలాయి. కానీ టేకు నల్లబడి ఉంది. కొత్త పని కాదు.

"ఎప్పుడు చేశారు?"

"ఆ యేడే జేసిన. మా బాపు గునియాను సందుక పెట్టెల వెట్టి తాళమేసి, అట్టముక్కలతోని జేసిన. మీరు అడుగుతరని ఎదురు సూసిన."

"పంతొమ్మిదేళ్లా! అడగకపోయి ఉంటే?"

"అడిగినరు గద ఇయ్యాల."

నాకు ఏడుపు ఆగలేదు. ఆ మధ్యాహ్నమే ఈ ఏటి పిల్లలందరినీ పిలిచి, నాడు నేనన్న మాటను దాచకుండా చెప్పి, వారి ఎదుటే బెన్‌హర్ గారి చేత ఆ మూడింటినీ అలమారలో పెట్టించాను. ఇప్పుడు ఏడూ ఉన్నాయి.

బెన్‌హర్ గారూ, మీరు నమ్మిన ప్రభువు మీకూ ఎస్తరమ్మ గారికీ సంపూర్ణారోగ్యాన్ని, తొందరలేని నిండు నూరేళ్లను ప్రసాదించాలి. ఆ ఏళ్లు మీ గిన్నెలోని పలుకుల్లాగే నిమ్మళంగా పెరగాలి. మేము మాటిమాటికి మూత తీసి చూడం. ఏదైనా అడగవలసి వస్తే మాత్రం, ఈసారి వెంటనే వచ్చి అడుగుతాం.

సుష్మ, రసాయనశాస్త్ర విభాగం