సన్న పైపు

వనపర్తిలో ఒక ప్రైవేటు దవాఖాన వరండా. గోపాల్‌పేట నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాలు బెంచీ మీద కూర్చున్నారు. కొన్నాళ్లుగా ఆయనకు దొడ్డికి పోతే రక్తం పడుతోంది. పొద్దున కింది నుంచి పేగులోకి వేసిన కెమెరా పైపు సగంలోనే ఆగిపోయింది. అప్పటి నుంచీ ఆమెకు డాక్టరు మీద అనుమానమే.

"అదే ఆగిందా, డాక్టరే ఆపిండా?"

"పేగు మలుపు కాడ ఇరికిందంట. జరసేపైనంక సన్న పైపు ఏస్తడంట."

"సన్నది ఉంటే పొద్దుగాల్నే ఎందుకు ఎయ్యలే?"

"అది నోట్లకెళ్లి ఏసే పైపంట. బాగ వంగుతది, కింద నుంచి ఏస్తే మలుపు దాటుతదంట."

"నోట్లకెళ్లి ఏసేదా?"

"ఆ. పోయిన నెల కడుపుల మంటంటే నీకు ఏసిండ్రు గదా, గదే."



"నా ఎంగిలి పైపు నీకు ఏస్తరా?"

"మందునీళ్లల్ల కడుగుతరంట. ఎంగిలేం ఉండదు."

"గట్లయితే, నా నోట్లకు రాకముందు అది ఎవరి మలుపు దాటొచ్చిందో అడిగినవా?"

ఇంతలో లోపలి నుంచి పిలుపొచ్చింది.

ఆమె కొంగుతో పెదవులు గట్టిగా తుడుచుకుంది.

"పో, ఏపిచ్చుకో. రక్తం ఏడికెళ్లి వస్తుందో తేలాలె. నా కడుపుల మంట మాత్రం తగ్గిందని చెప్పు."