ఒక్కసారికి ఎత్తగలిగింది

(వాకాడు దగ్గర సముద్రం పక్క ఊరు. అథ్లెటిక్స్ కోచ్ సుకుమార్, రెండు నెలల కింద పెళ్లాడిన వినీల. ఆమె షాట్‌పుట్ ఆడుతుంది. మిద్దె మీద, పొద్దుగూకే వేళ.)

“మళ్లా చెప్పు బావా. బలం ఎన్ని రకాలు?”

“ఇందాకే చెప్పినా గదమే. ఒక్కసారికి ఎంత బరువు ఎత్తగలిగితే అంత గరిష్ఠ బలం. కన్ను మూసి తెరిచేలోగా ఉన్నదంతా బయటపెడితే పేలుడు బలం. అలుపు రాకుండా చేస్తానే ఉంటే, అది ఓర్పు. దేని కసరత్తు దానిదే.”

“పేలుడు బలం. పేరే ఎంత బాగుండాదో, టపాకాయ మాదిరి. నువ్వు చెప్తా ఉంటే పాఠం గూడా వినబుద్ధవుతాది.”

“మురిపాలకేం తక్కువ లేదు.”

“రేపు క్యాంపుకు పోయే పిల్లల్ని అట్నే విడదీసినావా? ఎలిశబెతు ఎందులో?”

“లాంగ్‌జంప్ గదా, పేలుడు. గెంతే కసరత్తులు.”

“పెంచలకృష్ణ?”

“దూరం పరిగెత్తేవాడు. ఓర్పు. బరువు తక్కువ, ఎక్కువ సార్లు.”

“వాళ్ల నాయనతో ఒడ్డున నిలబడి అలివి వల లాగుతాడే, అదీ ఓర్పేనా?”

“అదే. వాడికి జిమ్ము కంటే ఆ వలే మేలు.”

“భలే పట్టినావు. మరి నేను?”

“చెనక్కాయలు చల్లారిపోతా ఉండాయి, తిను.”

“తింటా ఉండా. ఉప్పు గూడా సరిపోయింది. నేనెందులో బావా?”

“నువ్వా... నీకిప్పుడు ఓర్పు కావాల.”

“గుండు విసిరేదానికి ఓర్పా? మొన్నటిదాకా పేలుడన్నావే.”

“ఆ ఓర్పు కాదు వినీ. మామూలు ఓర్పు. ఈసారికి ఆగు.”

“ఆగడమంటే?”

“క్యాంపు నెలన్నర. కొత్త కోడలివి. అమ్మ వద్దంటా ఉండాది.”

“అత్తా?”

“అమ్మే. చెప్పి చూసినా, వినలా.”

“ఏమనింది?”

“ఏదో అనిందిలే, పెద్దామె. వచ్చే ఏడు చూద్దాం.”

“ఈ క్యాంపుకు పోకపోతే స్టేట్ మీట్‌కు పంపరని నువ్వేగదా చెప్పినావు.”

“చెప్పినా. ఏం జేసేది?”

“టీ అంగడి కాడ మాల్యాద్రన్న నిన్ను ‘గుండు వినీల మొగుడు’ అన్నాడు, గుర్తుందా? నాకు ఇంటికొచ్చేదాకా నవ్వాగలా. నువ్వు నవ్వలా.”

“దానికీ దీనికీ ఏం సంబంధం?”

“ఊరికే గుర్తొచ్చింది. మధ్యాన్నం ఎలిశబెతు ఎదురుపడింది. నేనే ఆట మానేసినానని పిల్లలకు చెప్పినావంట.”

“అమ్మ మాట బయట చెప్పుకుంటామా? అందుకని నీ మీద పెట్టినా.”

“నా మీద.”

“ఇంట్లో గొడవెందుకని. కోపమా?”

“కాదు బావా. పాఠంలో ఒక్కటే అర్థం కాలా. గరిష్ఠ బలమంటే ఒక్కసారికి ఎత్తగలిగింది అన్నావు గదా. అత్త కాడ నా మాట ఒక్కసారన్నా ఎత్తినావా?”

“ఎత్తినా అంటా ఉంటే.”

“మరి పొద్దున నా బూట్లు కడిగి ఎండబెడతా, ‘రేపు క్యాంపుకు ఎన్ని గంటల బస్సుకు పోవాల మ్మాయ్’ అని అత్త నన్నెందుకు అడిగింది?”