అడగకుండా తీసిన వీడియో

జగ్గయ్యపేటలో వాళ్లుండే అద్దింటి వంటగది. నందిగామలో పెళ్లి వీడియోల స్టూడియో నడిపే మొగుడు పళ్లెం ముందేసుకుని కూర్చున్నాడు. పెనం ఎప్పుడో కాలింది గానీ ఆమె దోసె వెయ్యలేదు. అతని ఫోను చేత్తో పట్టుకుని, ఒళ్లు మండిపోతూ నిలబడింది.

"ఇదేంటండీ? పడగ్గదిలో మనల్ని ఎప్పుడు తీసారు?"

"మనిద్దరమేగా అందులో ఉంది! ముచ్చటగా దాచుకుందామని తీసా."

"నన్నడిగారా?"

"పెళ్లాన్ని కూడా అడగాలా?"

"పరిటాల పెళ్లికూతురు డాన్సు మీ పేజీలో పెట్టుకోడానికి మొన్న మూడుసార్లు ఫోన్ చేసి అడిగారే! ఊళ్లోవాళ్లకున్నపాటి మర్యాద నాకు లేదా?"

"అరవకే. పక్క పోర్షన్ వాళ్లు వింటారు."

"వింటే సిగ్గుగానీ, చూస్తే సిగ్గులేదా? ఫోన్లో తీసినవన్నీ వాటంతటవే స్టూడియో కంప్యూటర్లోకి పోతాయని గొప్పలు చెప్పారుగా. మరి ఇది పోలేదా?"

అతను పళ్లెం పక్కకి జరిపాడు.

"పోయే ఉంటుంది."

"ఆ కంప్యూటర్ ముందు కూర్చునేదెవరు?"

"రాంబాబు. ఎడిటింగ్‌కి పదింటికొస్తాడు."

"ఇప్పుడు ఎనిమిదిన్నర. లేచి బండి తియ్యండి, నేనూ వస్తున్నా. ఫోన్లోదీ, కంప్యూటర్లోదీ నా కళ్లముందే తీసెయ్యాలి."

"తప్పయిపోయిందే. ఇకమీదట నిన్నడక్కుండా తియ్యను, ఒట్టు."

ఆమె స్టవ్ కట్టేసి, చెప్పులేసుకుంది.

"అడిగినా వద్దనే అంటా. వద్దన్నప్పుడు మూతి ముడుచుకోకుండా ఉండటం కూడా నేర్చుకోండి."