ప్లీడరమ్మ చదివిన కాగితం

మానుకున్నామా? మేమా మానుకున్నది? మీరే చెప్పండి ఎస్సై సార్, సముద్రం చూస్తామని ఆర్నెల్లుగా కలవరిస్తున్న వాళ్ళం, ఎందుకు మానుకుంటాం?

ఆ టూర్లవాడే కదండీ, ఇంక నాలుగు రోజులుందనగా ఫోన్ చేసి "బస్సు దొరకలేదమ్మా, ట్రిప్పు రద్దు" అన్నాడు! మా అడ్వాన్సు మాకిమ్మంటే ఈ కాగితం పట్టుకొచ్చాడు. సంతకాలు పెడితే వారంలో డబ్బులొచ్చేస్తాయన్నాడు, ఎంత తియ్యగా చెప్పాడో! తీరా చూస్తే ఏముంది? మా అంతట మేమే ప్రయాణం మానుకున్నామట, అడ్వాన్సు వదులుకున్నామట! వాడి నోట మన్ను పడ!

మాది ఆస్పత్రి లాండ్రీ సార్. పొద్దస్తమానం రోగుల దుప్పట్లు ఉడకబెట్టడం, పిండడం, ఆరెయ్యడం. ఈ చేతులు చూడండి, సోడా నీళ్ళకి ఎలా పొక్కిపోయాయో. పదకొండు మందిమి ఓవర్‌టైం చేసి కట్టాం. మాలో పెద్దావిడ, అత్తా అంటాం అందరం, చెవి కమ్మలు తాకట్టు పెట్టి మరీ కట్టింది. పాపం, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. దానికే నాకు ఒళ్ళు మండిపోతోంది!

ఏంటీ? చదివే సంతకం పెట్టామంటే ఫిర్యాదు నిలవదా? చదవలేదంటే మోసం కింద రాస్తారా?

వాళ్ళకి చదువు రాదు సార్. జీతం చీటీ, బ్యాంకు నోటీసు, ఏదొచ్చినా నా దగ్గరికే తెస్తారు. ప్లీడరమ్మ అని పేరు పెట్టారు నాకు. వేళాకోళం కాదండోయ్, గౌరవమే! నేను సరేనంటే ఇంకేం అడగరు, వేలిముద్ర వేసేస్తారు.

అలా చూడకండి సార్. ఆ తలుపు కాస్త దగ్గరికెయ్యండి. మావాళ్ళంతా బయట బెంచీ మీదే ఉన్నారు.

చదవలేదు.

కళ్ళజోడు విరిగి నెలైంది. కొత్తది కొనాల్సిన డబ్బు ట్రిప్పుకే కట్టేశాను. చూస్తే అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. అందరూ చుట్టూ మూగి నా మొహమే చూస్తున్నారు. కనబడట్లేదని ఎలా చెప్పను? చదువుతున్నట్టు పెదాలు కదిపాను. "అంతా సరిగ్గానే ఉంది, వేసేయండమ్మా" అన్నాను. సిగ్గులేనిదాన్ని!

రాయండి, చదవకుండానే వేయించానని రాయండి. ఆ వెధవ కక్కాలి, వాళ్ళ డబ్బు వాళ్ళకి రావాలి.

ఆఁ? ఫిర్యాదు మీద వాళ్ళు వేలిముద్ర వేసేముందు, రాసిందంతా వాళ్ళందరి ముందూ చదివి వినిపించాలా? అదేం రూలండీ! ఈ ఒక్కసారికీ వదిలెయ్యకూడదూ?

సరే... పిలవండి. అత్తని ముందు కుర్చీలో కూర్చోబెట్టండి. ఆవిడకి కాస్త చెవుడు, గట్టిగా చదవండి.