పన్నెండుకి పన్నెండు

డెసిబెల్ బావ ఎదుటివాళ్ల మాట సగం కూడా సాగనివ్వడు, తన మాట సగంలో ఆపడు. ఆ పొద్దున రేడియో అక్క రిపేరు షాపులో ఆయన స్టూలు లాక్కుని కూర్చోగానే, పక్క షాపు దర్జీ తాత సూదిని బట్టలో గుచ్చేసి గడప మీదికి వచ్చాడు.

బావమరిది మాత్రం బల్ల దగ్గరే నిలబడ్డాడు. బల్ల మీద వాళ్ల నాన్న యాంప్లిఫయర్. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన రోజూ దాన్ని తన చేతిరుమాలుతోనే తుడిచేవాడు. ఆయన పోయి ఏడాదైంది. ఇక దాన్ని ఉంచుకోవడం దండగ, విప్పించి పనికొచ్చే సామాను తీయించమని బావ తీర్పు. మూతకున్న నాలుగు మరల్లో మొదటిది అక్క అప్పుడే ఊడదీసింది.

"ఊరికే అనలేదురా," అన్నాడు బావ. "ఆదివారం మా ఇంట్లో తేల్చేశాను. ఒకటో నంబరు మీ నాన్నది, రెండోది నా కొత్తది. రెండింటినీ, ఏది పలకాలో మార్చే మీటున్న డబ్బాకి కట్టి, దానికి ఒకే జత స్పీకర్లు తగిలించాను. కళ్లు మూసుకుని నేనే తిప్పాను, నేనే చెప్పాను, నేనే మార్కులేసుకున్నాను. పన్నెండుకి పన్నెండు."

"పరీక్ష రాసిందీ దిద్దిందీ నువ్వేనా నాయనా?" అన్నాడు తాత.

"తేడా అంత ఉంటుందా బావా?"

"తేడానా? ఒకటిలో పాట దుప్పటి కప్పుకుని పాడినట్టుంది. రెండుకి తిప్పానా, గాయకుడు గుటక వేయడం వినపడింది. ఇంకాస్త చెవి పెడితే వెనకాల వయొలిన్ల వాళ్లు ఎనిమిది మంది, అందులో మూడో ఆయన ఎడమ చెప్పు అడుగు ఊడి టపటపా కొట్టుకుంటోంది. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? ఆయన ఫోన్ నంబరు సంపాదించి అడిగాను. ఇరవై ఏడేళ్ల కిందటి రికార్డింగు కదా, పాపం, ఏడ్చేశాడు. ఆ చెప్పు సంగతి భార్యకి కూడా చెప్పలేదట."

తాత చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. రెండో మర ఊడింది.

"అదేం పెద్ద సంగతి. స్టూడియో గోడ గడియారం టిక్కుటిక్కులు లెక్కపెట్టాను. గంటకి నాలుగు సెకన్లు వెనక. అంటే రోజుకి తొంభై ఆరు."

బావమరిది మనసులో గుణించి చూసుకున్నాడు. సరిపోయింది. లెక్క సరిపోయేసరికి నమ్మకం కుదిరింది. అయితే ఇన్నేళ్లూ నాన్న విన్నది దుప్పటి కింది పాటేనా?

"వాల్యూమ్ రెండు గీతలు పెంచాను. కింది వాటా బామ్మగారికి పదేళ్లుగా బ్రహ్మచెవుడా? మెట్లెక్కి వచ్చి, 'రెండో చరణంలో శ్రుతి తగ్గింది' అంది."

"చెవుడు పోయిందా?" అన్నాడు తాత.

"ఆవిడ కొడుకూ కోడలూ గుసగుసలు మానేశారు, ఇంకేం చెప్పను."

మూడో మర ఊడింది.

"ఇప్పుడు చెప్పేది వింటే కొయ్యబారిపోతారు. ఆఖరిసారి రెండుకి తిప్పాను. పల్లవి అయ్యింది. గాయకుడు ఆగాడు. ఆగి, 'ఆ కిటికీ కాస్త వేయండి, చలిగాలి వస్తోంది' అన్నాడు."

తాత పెదాల మధ్య ఉన్న దారం ముక్క జారి కింద పడింది.

"ఎవరితో?" అన్నాడు బావమరిది.

"నాతోనే. ఇంకెవరున్నారక్కడ? లేచి వేశాను. చరణం ఎత్తుకున్నాడు."

నాలుగో మర మీద అక్క చెయ్యి ఆగింది. "మీటున్న డబ్బా మీకెక్కడిది?"

"నీదే." బావ సంచిలోంచి డబ్బా తీశాడు. "మొన్న నువ్వు లేనప్పుడు ఆ కింది అరలోంచి పట్టుకెళ్లాను."

"కింది అరలోవి పాడైనవండీ. ఇంకా బాగుచేయలేదు."

ఆమె మీట తిప్పింది. అది రెండు దాటి, చుట్టూ తిరిగి, మళ్లీ ఒకటి దగ్గరికొచ్చింది. ఎక్కడా టక్కుమనలేదు.

"మీట వదులైపోయింది. పైన గిరగిరా తిరుగుతుంది, లోపల కడ్డీ కదలదు." కరెంటుకి దారి ఉంటే కూత పెట్టే మీటరు తీసి, ఒక తీగ డబ్బా మీది ఒకటో నంబరుకి, ఇంకోటి స్పీకర్లు తగిలించే చోట ఆనించింది. మీటరు కూయ్‌మంది. మీటని రెండు మీదికి తిప్పినా కూత ఆగలేదు.

బావమరిదికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "అంటే, పన్నెండుసార్లూ..."

"మీ నాన్నగారిదే విన్నారు."

బావ డబ్బా లాక్కుని మీట తనే ఒకసారి తిప్పి చూశాడు.

బావమరిది బల్ల మీది మూడు మరలూ ఏరి, ఒక్కొక్కటే తిరిగి బిగించి, జేబులోంచి చేతిరుమాలు తీశాడు.

దర్జీ తాత వెళ్లబోతూ గడప దగ్గర ఆగి బావ వైపు తిరిగాడు. "అయితే బాబూ, కిటికీ వేయమన్నది కూడా మీ మామగారి దాంట్లోంచేనన్నమాట. జాగ్రత్తగా చూసుకోండి, అలాంటిది మళ్లీ దొరకదు."