బ్లూ మూన్‌కు పలికిన స్తోత్రం

"తాతా, సోమవారం ఓర్వకల్లు ఫ్యాక్టరీలో నాకు ఇంటర్వ్యూ. ఈ కాగితంలో ఇంగ్లీషు జాతీయాలు ఉండాయి. అర్థాలేందో, యాడ వాడల్లో చెప్పు" అని ఫోన్లో రికార్డింగ్ పెట్టి తాత ముందర కూర్చున్యా.

ఇంగ్లీషా? పాపా, ఈ చుట్టుపక్కల ఇరవై పల్లెల్లో ఇంగ్లీషును నాయంత బాగ నిలబెట్టినోడు ఇంకొకడు పుట్టల్యా. దొరలే చేతులెత్తి మొక్కినారు నాకు! గోడ మింద పటం కట్టించిన ఆ కవరు చూడు, దొర రాసిన జాబు అది. అంటే... దొరలు కాదులే, ఒక్క దొర. మొక్కల్యా, చెయ్యి కలిపినాడు. ఇంగ్లీషంటావా, నాకొచ్చింది శానా తక్కువ. దొర పక్కన నిలబడింది మాత్రం నిజం.

సరే, మొదటిది చదువు. పీస్ ఆఫ్ కేకా? అంటే శానా సులభమని. మీ అవ్వ నాకు నేర్పించేటప్పుడు "బొరుగులు నమిలినంత" అనేది. ఈ పని చేస్తావా అని వాళ్ళడిగితే పీస్ ఆఫ్ కేక్ అను. అయ్యో, వద్దులే, అంత సులభమైతే ఇంకో ఇద్దరి పని కూడా నీకే ఇస్తారు. తర్వాతది? ఒన్స్ ఇన్ ఎ బ్లూ మూనా! అబ్బ, దాని మింద నాకు శానా కోపం ఉండాది పాపా. నా పెండ్లి చెడిపోయేకాడికి వచ్చింది దాంతోనే గదా.

మీ అవ్వ నర్సు ట్రైనింగ్ చేసినాది. వాళ్ళ నాయన మన చర్చికి సంఘపెద్ద. ఇంగ్లీషు వచ్చినోనికే పిల్లనిస్తానని పట్టు పట్టె. నేనేమో గుంతకల్లు రైల్వే క్యాంటీన్లో రెండేండ్లు టీ అమ్మొచ్చినోన్ని. కమ్, గో, హాట్ టీ, అంతే. మాయమ్మ పోయి "మావానికి ఇంగ్లీషు నీళ్ళు తాగినట్ల వస్తాది" అని చెప్పొచ్చె. ఆ వారమే బయటి దేశం బోధకుడు మన చర్చికి వస్తాండాడని తెలిసె. ఆయన ఒక మాట చెప్తే పక్కనోడు తెలుగులో చెప్పల్ల, నువ్వూ చూసుంటావు గదా. సంఘపెద్ద నన్ను పిలిపించి, "ఏమప్పా, ఆదివారం నువ్వే తెలుగు చెప్పు. బాగ చెప్తే సోమవారం పెండ్లి ప్రధానం పెట్టుకుందాం. తడబడితివా, మా గడప తొక్కొద్దు" అనె.

కొత్త చొక్కా తొడుక్కుని పోతి. ఆ గుడ్డ మా మేనమామ ఆత్మకూరు సెట్టి అంగట్లో తెచ్చినాడు, మీటరు నాలుగు రూపాయలు, కాదు, మూడున్నర, ఎన్నేండ్లు తొడిగినా చినగల్యా... ఆ, యాడుంటిమి?

ఆయప్ప "గాడ్ ఈజ్ గుడ్" అనె. "దేవుడు మంచోడు" అంటి. "యూ ఆర్ గుడ్" అనె. "మీరూ మంచోళ్ళే" అంటి. మూడో మాటకే ఈ బ్లూ మూన్ తగిలె. అదేందో నాకు తెలిస్తే గదా. చూస్తే ముందు వరసలో సంఘపెద్ద మీసం దువ్వుతాండాడు. ఏం చేస్తి? చెయ్యెత్తి "స్తోత్రం చెప్పండి!" అని అరిస్తి. మన సంఘం తెలుసు గదా, ఆ మాట ఇంటే కునుకు తీసేటోడు కూడా లేచి పలుకుతాడు. చర్చి రేకులు అదిరె!

దొర మొగం చూడల్ల నువ్వు! తన మాటలకే జనం ఇంత మురిసిపోతాండారనుకుని, అట్లాంటివే ఎతికెతికి చెప్పె. సంచిలో పిల్లి అనె, స్తోత్రం! చెయ్యీ కాలూ ఖరీదనె, స్తోత్రం! ఆయన ఎగురుతాండాడు, నేను ఎగురుతాండా, జనం ఎగురుతాండారు. డోలు కొట్టే యేసోబు ఎవరూ చెప్పకనే కొట్టబట్టె. ఆడోళ్ళ పక్క మీ అవ్వ ఒక్కతే, కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతాండాది.

(ఈడ తాత నీళ్ళు తాగినాడు. అంత సేపు తాగేటన్ని నీళ్ళు ఆ చెంబులో లేవు.)

కూడిక అయినాక సంఘపెద్ద "ఏమ్మా, నీకు ఇంగ్లీషు తెలుసు గదా, ఈ పిల్లోడు బాగ చెప్పినాడా?" అని మీ అవ్వను అడిగె. నా పానం నా దగ్గర ల్యా. మీ అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "ఒక్క మాట కూడా తప్పు చెప్పల్యా నాయనా" అనె. నిజమే గదా, చెప్తే గదా తప్పు!

ఎందుకు కాపాడితివే అని పెండ్లైనాక అడిగితే, "అంతగా నవ్వించేటోడు మళ్ళా దొరుకుతాడా?" అనె. ఆ మాటలన్నీ తర్వాత ఆమే నేర్పిచ్చె. బ్లూ మూన్ అంటే ఎప్పుడో అరుదుగా అని. నేను గిన్నెలు కడిగిన రోజు అంటుంటాది. ఒంట్లో నలతగా ఉంటే అండర్ ద వెదర్. మన ఎండలకు అందరం ఎప్పుడూ అండర్ ద వెదరే! చెయ్యీ కాలూ ఖరీదంటే రేటు మండిపోతాండాదని. సంచిలో పిల్లిని ఇడిసేదంటే గుట్టు బయట పెట్టేది.

"ఆ పిల్లిని ఎన్నేండ్లు సంచిలో పెడతావయ్యా? మనవరాలికన్నా చెప్పు!" వంటింట్లోంచి అవ్వ.

ఉండవే, చెప్తాండా. పాపా, ఆ రికార్డింగ్ ఆపు. ఆపల్యా? సరే. ఆ కవరు మింద మిస్టర్ స్తోత్రం అని ఉండాది గదా. భక్తిగలోళ్ళు గౌరవంగా అట్ల రాస్తారని ఇంటికొచ్చినోళ్ళందరికీ చెప్తినే...

సోమవారం నీకు ఉద్యోగం వస్తాది, సల్లగా ఉంటావు. అర్థం గాకుంటే గాలేదని చెప్పు, సిగ్గుపడొద్దు. ఆ పొద్దు చెయ్యి కలిపేటప్పుడు ఆయప్ప ఏందో అడిగె. అదీ అట్లాంటి మాటే అనుకుని, చెయ్యెత్తి "స్తోత్రం" అంటి. ఆయప్ప తల ఊపి చిన్న పుస్తకంలో రాసుకున్యాడు.

ఆయప్ప అడిగింది నా పేరమ్మా. ఊరంతా దేవదానం, దేవదానం అని పిలిచే ఈ తాత పేరు...