బావ పెరట్లో సముద్రం

టీ కొట్టు బల్ల మీద బావ కూర్చున్నాడంటే ఇంకొకరికి చోటుండదు. మనిషి లావేం కాదు, ఆ చోటు మాటలకి కావాలి. చేతులు తిప్పకుండా మాట్లాడ్డం రాదు ఆయనకి. పక్కన ఎవరు కూర్చున్నా టీ ఒళ్లో పోసుకోవాల్సిందే. అందుకే బావమరిది ఎదురుగా స్టూలు లాక్కుని, గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాడు.

అతను వచ్చింది టీ కోసం కాదు. పొద్దున వాళ్లక్క తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, అతని ఇంట్లో, అతని బాత్రూం ముందు నిలబడి ఒక మాట అడిగింది. "ఒరేయ్, మీ బావ చేత ఆ తొట్టి ఖాళీ చేయించరా. కుళాయి వస్తే చాలు, తగ్గిందంటూ నీళ్లన్నీ దాని పొట్టలోకే పట్టేస్తాడు. పిల్లలకి ఒళ్లంతా దద్దుర్లు. పారబొయ్యమంటే, సముద్రాన్ని ఎవరైనా పారబోస్తారా అంటాడు. ఎన్నాళ్లని మీ ఇంటికొచ్చి స్నానాలు చేస్తాం? మీ ఆవిడ మొహం చూడలేకపోతున్నాను."

ఇవాళే చేయిస్తానని మాటిచ్చేశాడు. ఇచ్చాడే గానీ, అక్క మొగుణ్ణి పట్టుకుని ఎలా అడగాలో తెలియడం లేదు. తన జిరాక్స్ కొట్టుకి తాళం వేసి వచ్చి, ఇక్కడ గుటకలు మింగుతున్నాడు.

తొట్టి అంటే బావ పెరట్లో పెట్టిన ఈతకొలను. ప్లాస్టిక్‌ది, గాలి కొట్టి నీళ్లు నింపుకునేది. చవగ్గా దొరికిందని తెచ్చాడు. తెచ్చిన రోజు నుంచీ టీ కొట్టులో ఇదే పురాణం.

"పిల్లలు ఎండకి మాడిపోతున్నారు కదా అని, ఊరికే చూసొద్దామని వెళ్లానంతే," అంటున్నాడు బావ. "కొట్టువాడు ఆకాశమంత ధర చెప్పాడు. నేనేం బేరమాడలేదు. వాడి మొహంలోకి చూస్తూ నిలబడ్డాను. వాడే తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ వచ్చి, ఆఖరికి మీరు తీసుకెళ్తే మా కొట్టుకే పేరు సార్ అన్నాడు. స్కూటర్ మీద ఒక్కణ్ణే తెచ్చుకున్నాను."

"బాగానే కొన్నారు సార్," అన్నాడు టీ కొట్టాయన, పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ.

ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది. బావకి కాస్త మెచ్చుకోలు తగిలిందంటే ఇక పట్టపగ్గాలుండవు.

"కొనడం ఎవడైనా కొంటాడయ్యా. తమాషా అంతా గాలి దగ్గరుంది. పంపు కూడా కొనమన్నాడు వాడు, నాకు పంపెందుకు, నోటితో ఊదాను, ఒకటే ఊపిరి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది ఉబ్బి ఉబ్బి నేల వదిలి లేచింది. బట్టలారేసే తీగ దాటింది, మేడ దాటింది. నేను మూతి తియ్యలేదు, తీస్తే గాలి పోదూ? దాంతోపాటే నేనూ పైకి. కింద మా ఇల్లు అగ్గిపెట్టెంత కనిపిస్తోంది. అప్పుడు ముక్కుతో కాస్త గాలి వెనక్కి పీల్చుకుని, మెల్లగా, పూలబుట్ట దింపినట్టు దింపాను."

"దారిలో ఎవరికీ తగల్లేదు కదా సార్?" అన్నాడు గుమ్మం దగ్గర నిలబడి టీ తాగుతున్న లారీ డ్రైవర్, చావు కబురు విన్నంత గంభీరంగా.

"ఒక కాకికి తగిలింది. అదిప్పటికీ మా ఇంటి మీదుగా ఎగరదు. పక్క వీధిలోంచి చుట్టు తిరిగెళ్తుంది."

గాలి కొట్టింది అక్క. సైకిల్ పంపుతో, మధ్యాహ్నమంతా, చేతులు బొబ్బలెక్కేలా. బావ కుర్చీలో కూర్చుని 'ఇంకాస్త, ఇంకాస్త' అన్నాడు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది బావమరిదికి. మింగేసి, "బావగారూ, ఆ నీళ్ల సంగతి..." అన్నాడు.

"అక్కడికే వస్తున్నానుండరా. నేనిలా కుళాయి తిప్పానో లేదో, ఊళ్లో కుళాయిలన్నీ ఎండిపోయాయి. నీళ్ల ఆఫీసు పెద్ద ఇంజనీరు జీపేసుకుని వచ్చి దణ్ణం పెట్టాడు. అయ్యా, మీ తొట్టిలోంచి ఒక కాలువ తవ్వుకోనిస్తే జనం బతికిపోతారు అన్నాడు. పోనీలే పాపం, తవ్వుకో అన్నాను. ఇప్పుడు మీరు తాగే టీ ఎవరి నీళ్లనుకుంటున్నారు మరి?"

"అదా సంగతి," అన్నాడు టీ కొట్టాయన. "టీ నీచు వాసనేస్తోందని జనం నన్ను తిడుతున్నారు. ఇకనుంచి మీ ఇంటికి పంపిస్తాను."

డ్రైవర్‌కి పొలమారింది. బావ అదేమీ పట్టించుకోలేదు.

"లోతంటారా, మా ఆవిడ గరిటె జారవిడిచింది. ఒకరోజు పడేస్తే మర్నాడు వినిపించింది చప్పుడు. నిన్న నేను ఈదుకుంటూ కాస్త దూరం పోయాను. వెనక్కి తిరిగి చూస్తే మా ఇల్లు లేదు. ఎటు చూసినా నీళ్లే. ఎదురుగా ఓ పెద్ద ఓడ. దాని కెప్టెన్ నోటికి గొట్టం పెట్టుకుని అరిచాడు, బాబూ, ఇది ఏ సముద్రం అని. సముద్రం కాదు నాయనా, మా పెరడు అన్నాను. వాడు టోపీ తీసి గుండె మీద పెట్టుకున్నాడు."

"అంత పెద్దదాన్ని ఎలా శుభ్రం చేస్తున్నారు బావగారూ?" అన్నాడు బావమరిది, గ్లాసులోకి చూస్తూ. "అంటే, అప్పుడప్పుడు ఖాళీ చేసి కడగాలి కదా?"

"కడగడమా? నాచు పట్టినప్పుడల్లా నేను గట్టున నిలబడి ఒకసారి గొంతు సవరించుకుంటాను. అది తలొంచుకుని వెళ్లిపోతుంది. కప్పలున్నాయా, కాళ్లు తుడుచుకోకుండా ఒక్కటీ దిగదు. దోమలు గుడ్లు పెట్టుకోడానికి వేరే ఊరెళ్తాయి, ఇక్కడ పెట్టాలంటే వాటికే సిగ్గు. కంటాసుపత్రి వాళ్లు సీసాలు పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడుతున్నారు, చుక్కల మందు బదులు వేస్తారట."

బావమరిది కళ్ల ముందు ఆ తొట్టి కదిలింది. పాలకూర రసంలా పచ్చగా, పైన తెట్టు కట్టి. అక్క మూలనున్న చివరి బిందెలోంచి బియ్యం కడగడానికి చెంబు ముంచుతూ, లోపల మిగిలింది ఎంతో తొంగిచూసుకోవడం గుర్తొచ్చింది. గ్లాసు కింద పెట్టాడు.

మాట ఎత్తే అవకాశం బావే అందించాడు.

"వీణ్ణి చూడండి, మా బావమరిది," అన్నాడు అందరికీ వినబడేలా. "ఇల్లు మొత్తానికీ ఒకటే బాత్రూం. అందులో చెంబు ఎత్తితే మోచెయ్యి గోడకి కొట్టుకుంటుంది. ఏం బతుకురా అది? రేపట్నించి మీ ఆవిణ్ణీ పిల్లల్నీ మా ఇంటికి పంపు. నీళ్లంటే ఏమిటో వాళ్లూ ఒకసారి చూడాలి కదా."

"పంపిస్తాను బావగారూ," అన్నాడు బావమరిది. ఈసారి బావ మొహంలోకే చూశాడు. "కానీ రేపు పొద్దున మీరు మా ఇంటికి స్నానానికి వచ్చేటప్పుడు సబ్బు తెచ్చుకోండి. మీ ఇంటిల్లిపాదీ రుద్దుకుంటుంటే మాది రోజుకొకటి అరిగిపోతోంది."



"ఓడ కెప్టెన్‌కి తెలుసా సార్ ఈ సంగతి?" అన్నాడు డ్రైవర్.

టీ కొట్టాయన అటు తిరిగి, కడిగిన గ్లాసులే మళ్లీ కడగడం మొదలుపెట్టాడు. భుజాలు ఊగుతున్నాయి. బావ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఏదో అనబోయి నోరు తెరిచాడు, ఊదడానికి ఏమీ దొరకలేదు. లేచి వచ్చి బావమరిది స్టూలు పక్కన చతికిలబడ్డాడు.

"ఖాళీ చేసెయ్యండి బావగారూ," అన్నాడు బావమరిది మెల్లగా. "అక్క అడగమంది."

"చేద్దామనే ఉందిరా," అన్నాడు బావ అంతకన్నా మెల్లగా. "నీళ్లు వదిలే బిరడా గోడ వైపుకి పెట్టి నింపేశాను. నిండాక అది ఉబ్బి గోడకి అతుక్కుపోయింది." చేతులు ఒళ్లోంచి కదల్లేదు. కళ్లు మాత్రం బావమరిది మణికట్టు మీదున్నాయి. "నీ చెయ్యి సన్నం కదా. ఆ సందులో దూరుతుందేమో చూస్తావా?"